‘అప్పటి తిరునాళ్లు కావివి’ అన్న మాట గురించి

ఏటా సెప్టెంబరు చివరి వారంలో డాలస్ నగరంలో టెక్సస్ స్టేట్ ఫెయిర్ మొదలవుతుంది. అది మొదలైన మరునాటి నుంచి మా కార్యాలయంలో కాఫీ కలుపుకునే చోట ఒక మాట కూడా మొదలయ్యేది. డాలస్‌లోనే పుట్టి పెరిగిన, నాకంటే పాతికేళ్లు పెద్దవారైన ఒక సహోద్యోగి కప్పులో చక్కెర వేసుకుంటూ, “ఇది నేనెరిగిన ఫెయిర్ కాదు” అనేవారు. 2008లో మొదటిసారి విన్నప్పుడు నేను ఆ మాటను నమ్మాను, కాస్త ముందుగా ఈ దేశం వచ్చి ఉంటే అసలు సిసలు ఫెయిర్‌ను చూసేవాడిని కదా అని నొచ్చుకున్నాను కూడా. ఆ తరువాత ఒకటి రెండేళ్లకు, మహాశివరాత్రినాడు ఊరికి ఫోను చేస్తే మా చిన్నాన్న, “కోటప్పకొండ తిరునాళ్లు ఒకప్పటిలా లేవురా, ఇప్పుడంతా మైకుల గోల” అన్నారు. భూగోళానికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, ఒకరి పేరు ఒకరు విననివారు, దాదాపు ఒకే వాక్యం చెప్పడం చూశాక నాకు తిరునాళ్ల మీద కాదు, ఆ వాక్యం మీదే అనుమానం కలిగింది. పదిహేనేళ్లుగా డాలస్ ఫెయిర్‌కు వెళ్తూ ఆ అనుమానాన్ని పరీక్షించుకుంటూ వచ్చాను. ఆ మాటలో కొంత నిజముంది, కానీ అది జనం అనుకునే చోట లేదన్నది నా అభిప్రాయం.

ముందుగా పేరు సంగతి. స్టేట్ ఫెయిర్‌ను తెలుగులో ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. దేవుడు లేడు కనుక జాతర కాదు, తిరునాళ్లూ కాదు. వారం వారం జరగదు కనుక సంత కాదు. అయితే మూడింటి లక్షణాలూ అందులో ఉన్నాయి, మొదట్లో మాత్రం అది చాలావరకు పశువుల సంతకే దగ్గర. 1807లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో ఎల్కనా వాట్సన్ అనే ఆయన రెండు మెరీనో గొర్రెలను ఊరి నడిబొడ్డున నిలబెట్టి పదిమందికి చూపించాడు. మంచి ఉన్నినిచ్చే జాతిని కళ్లారా చూస్తే తోటి రైతులు కూడా పెంచుతారన్నది ఆయన ఆలోచన. అది పశు ప్రదర్శనగా పెరిగి, పోటీలూ బహుమతులూ వచ్చి చేరి, 1841 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో మొదటి స్టేట్ ఫెయిర్ జరిగింది. ఇక్కడ డాలస్‌లో అది 1886లో మొదలైంది. ఇప్పుడు 277 ఎకరాల ఫెయిర్ పార్కులో 24 రోజులపాటు సాగుతుంది, 20 లక్షలకు పైగా జనం వస్తారు.

పాతకాలం వారు చేసే ఫిర్యాదుల్లో మొదటిది, అంతా వ్యాపారమైపోయిందని. ఈ ఫిర్యాదు చరిత్ర ముందు నిలవదు. 1886లో డాలస్‌లో నిజానికి ఒకటి కాదు, రెండు ఫెయిర్లు పోటాపోటీగా జరిగాయి. ఫెయిర్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఊరి పెద్దలకూ వ్యాపారులకూ కుదరక రెండు ముఠాలయ్యారు, ఇద్దరికీ గిట్టుబాటు కాక మరుసటి ఏడాది కలిసిపోయారు. తొలినాళ్లలో దాన్ని నిలబెట్టిన ఆదాయంలో పెద్ద వాటా గుర్రప్పందేలది. 1903లో టెక్సస్ శాసనసభ పందేల మీద జూదాన్ని నిషేధించేసరికి నిర్వాహకులు నిలదొక్కుకోలేక, 1904లో ఆ స్థలాన్ని నగరపాలక సంస్థకే అమ్ముకున్నారు. పవిత్రమైన గతం ఏదైనా ఉంటే అది ఇంతకంటే ముందే అయిపోయి ఉండాలి.

బిగ్ టెక్స్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఫెయిర్‌కు వచ్చిన ప్రతి కుటుంబమూ ఫొటో దిగే నిలువెత్తు కౌబాయ్ బొమ్మ అది, “హౌడీ ఫోక్స్” అంటూ అందరినీ పలకరిస్తుంది. టెక్సస్ వారికి దానిమీద ఉన్న అభిమానం చూస్తే మనవాళ్లు గ్రామదేవత గురించి మాట్లాడినట్టే ఉంటుంది. కానీ అది పుట్టింది కౌబాయ్‌గా కాదు, క్రిస్మస్ తాతగా. 1949లో కెరెన్స్ అనే చిన్న ఊళ్లో, పండుగ కొనుగోళ్లకు జనం పెద్ద పట్నాలకు పోకుండా ఆపడం కోసం అక్కడి వర్తకులు ఆ బొమ్మను నిలబెట్టారు. రెండేళ్లకు ఆ ముచ్చట తీరిపోయింది. ఫెయిర్ వారు దాన్ని 750 డాలర్లకు కొని, గడ్డం తీసి, టోపీ మార్చి, చొక్కా ప్యాంటు తొడిగి 1952లో కౌబాయ్‌గా నిలబెట్టారు. అంటే ఫెయిర్ ఆత్మగా అందరూ చెప్పుకునే బొమ్మ సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్రకటన బొమ్మ. ఇది తెలిశాక నాకు బిగ్ టెక్స్ మీద ఇష్టం పెరిగిందే తప్ప తగ్గలేదు.

2012 అక్టోబరు 19న, ఫెయిర్ ఇంకా జరుగుతుండగానే, విద్యుత్తు లోపం వల్ల ఆ బొమ్మకు నిప్పంటుకుంది. క్షణాల మీద బట్టలన్నీ కాలిపోయి ఇనుప చట్రం, చేతులు మిగిలాయి. ఆ మధ్యాహ్నం మా కార్యాలయంలో పని ఆగిపోయింది, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మరుసటి ఏడాది 55 అడుగుల కొత్త బొమ్మ వచ్చినప్పుడు మా సహోద్యోగి పెదవి విరిచి, ఇది బిగ్ టెక్స్ కాదు పొమ్మన్నారు. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్లు, ఆ పిల్లకు తెలిసిన బిగ్ టెక్స్ అదొక్కటే. ఇప్పుడు దాని బూటు రంగు మార్చినా చాలు, కాలం చెడిపోయిందని మా అమ్మాయే మొదట అంటుందని నా నమ్మకం. వస్తువు పాతదా కొత్తదా అన్నదానితో జ్ఞాపకానికి పనిలేదు, మనకు ఎనిమిదేళ్ల వయసులో ఎదురైందే దానికి అసలుది.

ఎనిమిదేళ్ల వయసులో ఎవరిని లోపలికి రానిచ్చారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మా సహోద్యోగి తలచుకునే బంగారు కాలం 1950ల చివర, 1960ల మొదట్లోది. ఆ కాలం గురించి చదివినప్పుడే నేను ఈ విషయాన్ని మరోలా చూడడం మొదలుపెట్టాను. 1936లో టెక్సస్ స్వాతంత్ర్య శతాబ్ది ఉత్సవం ఫెయిర్ పార్కులోనే జరిగింది, ఈనాటికీ మనం ముచ్చటపడే ఆర్ట్ డెకో భవనాలు అప్పటివే. ఆ ఉత్సవంలో నల్లజాతి ప్రజల జీవితాన్నీ కృషినీ చూపే ఒక ప్రత్యేక మందిరాన్ని కూడా కట్టారు, కానీ ఉత్సవం ముగిసిన కొద్దికాలానికే దాన్ని కూల్చేశారు. మిగిలిన భవనాలు చాలావరకు నిలిచాయి. ఫెయిర్‌లో చాలా ఏళ్లపాటు నల్లజాతి వారికంటూ విడిగా ఒక రోజును కేటాయించేవారు. 1950ల నడిమికి వచ్చేసరికి మిగిలిన రోజుల్లోనూ రానిచ్చినా, కొన్ని రైడ్లూ భోజనశాలలూ వారికి మూసే ఉండేవి. 1955లో జువానిటా క్రాఫ్ట్ అనే పౌరహక్కుల నాయకురాలు నల్లజాతి యువతీయువకులను కూడగట్టి గేటు ముందు నిరసనకు నిలబెట్టారు. అడ్డుగోడలు పూర్తిగా తొలగడానికి 1960లు రావలసి వచ్చింది. ఆ దశాబ్దం చివర్లోనే పార్కు చుట్టుపక్కల ఎక్కువగా నల్లజాతి కుటుంబాలుండే వీధులను నగరం స్వాధీనం చేసుకుని, ఇళ్లు తీసేసి కార్లు నిలిపే స్థలంగా మార్చింది. ఈనాడు మనం కారు దిగి గేటు వైపు నడిచే నేల కొంత ఒకప్పటి ఎవరో ఒకరి వాకిలి.

ఈ సంగతులు నేను మా సహోద్యోగితో చెప్పినప్పుడు ఆయన వాదించలేదు. చాలాసేపు ఊరుకుని, ఏడాదిలో ఒక రోజు మాత్రం తమ నాన్న ఫెయిర్‌కు తీసుకెళ్లనని చెప్పేవారనీ, ఎందుకని తాను ఎన్నడూ అడగలేదనీ అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన ఫెయిర్ గురించి మాట్లాడడం మానలేదు గానీ, ‘నేనెరిగిన’ అన్న మాటను కాస్త నొక్కి పలకడం మొదలుపెట్టారు. ఆయన జ్ఞాపకం అబద్ధమని నేననను. దానికి కంచె ఉందని మాత్రమే అంటాను.

ఇంతవరకూ చెప్పిందాన్ని బట్టి ఫెయిర్‌లో ఏమీ తగ్గలేదని నేను వాదిస్తున్నట్టు అనిపించవచ్చు. తగ్గింది. ఒకప్పుడు ఫెయిర్ చేసిన ముఖ్యమైన పని, మరెక్కడా చూడలేనిదాన్ని చూపించడం. వంద మైళ్ల దూరం నుంచి వచ్చిన పత్తి రైతు ట్రాక్టరునో, మోటారు కారునో, విద్యుద్దీపాల వరుసనో జీవితంలో మొదటిసారి చూసింది ఇలాంటి చోటే. ఈనాడు ఆ రైతు మనవడి జేబులో ఉన్న ఫోను చూపించని వింత లేదు. కనుక వింత మీద ఆధారపడిన భాగమంతా ఎండిన చెరువులా తయారైంది, దాన్ని నింపడానికి ఫెయిర్ పడే పాట్లు నాకు జాలి కలిగిస్తాయి. 2005 నుంచి ఇక్కడ కొత్త తినుబండారాలకు పోటీ పెడుతున్నారు. 2006లో కోకాకోలాను పిండిలో కలిపి నూనెలో వేయించారు. 2009లో వెన్నను వేయించారు. 2010లో బీరును వేయించారు. వినడానికి సరదాగా ఉంటుంది, పత్రికలు ఫొటోలు వేస్తాయి, జనం వరుసలు కడతారు, రెండో ముక్క తినేసరికి మొహం మొత్తుతుంది. పోటీకి వింత కావాలి, నాలుకకు రుచి కావాలి, ఈ రెండూ ఒకటి కాదు. 1940 ప్రాంతంలో ఫ్లెచర్ సోదరులు మొదలుపెట్టిన కార్నీ డాగ్, అంటే మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజి, ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోవడానికి కారణం అదే కావచ్చు. మాంసం తినని నా మాట ఈ విషయంలో చెల్లదు గనుక ఇక్కడితో ఆపుతాను.

రంగులరాట్నాలదీ అదే దారి. 1985లో నిలబెట్టిన 212 అడుగుల టెక్సస్ స్టార్ మీద నుంచి డాలస్ నగరం అందంగానే కనబడుతుంది, కాదనను. కానీ ముప్పయ్యో అంతస్తులో కూర్చుని పనిచేసేవాడికి ఎత్తు అనేది ఇక మిగలలేదు. మా ఊరి పిల్లలకు తాటిచెట్టే ఎత్తుకు కొలమానంగా ఉన్న రోజుల్లో, కోటప్పకొండకు కదిలివచ్చే విద్యుత్ ప్రభ మామీదికి ఒరిగే ఆకాశంలా ఉండేది. ఆ ప్రభను ఇవాళ మళ్లీ చూస్తే అంత ఎత్తుగా అనిపించదు, ఆ తప్పు ప్రభది కాదు.

అయితే వింతతో పనిలేని భాగం ఒకటి ఫెయిర్‌లో ఉంది. ఆ సంగతి నాకు అర్థమైంది 2018లో, మా అమ్మ మా దగ్గరికి వచ్చిన ఏడాది. డెబ్భై దాటిన మనిషి, జనసమ్మర్దంలో తిప్పడం కష్టమని తటపటాయిస్తూనే తీసుకెళ్లాను. బిగ్ టెక్స్‌ను చూసి, “బానే ఉన్నాడు” అంది. రాట్నాన్ని చూడనే లేదు. చిన్న ఆకలి తీరాక, కూర్చోవడానికి నీడ వెతుక్కుంటూ పశువుల కొట్టాలలోకి వెళ్లాం. ఆ తరువాత మూడు గంటలపాటు ఆమెను అక్కడి నుంచి కదిలించలేకపోయాను.

ఆ కొట్టాలలో పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు తాము పెంచిన పశువులను పోటీకి సిద్ధం చేస్తుంటారు. నీళ్లు పోసి కడుగుతారు, గాలి యంత్రంతో వెంట్రుకలు ఆరబెడతారు, దువ్వుతారు, బరిలోకి నడిపించాక పొడవాటి కర్ర కొసతో కాళ్లను సర్ది, జంతువు సరిగ్గా నిలబడేలా చూస్తారు. న్యాయనిర్ణేత చుట్టూ తిరిగి వెన్ను, తొడలు, నడక పరిశీలిస్తాడు. మా అమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ ఎవరికి బహుమతి వస్తుందో రెండుసార్లు ముందే చెప్పింది. మా ప్రాంతంలో బండలాగుడు పోటీలకు గిత్తలను పళ్లను బట్టి విడదీస్తారు, రెండు పళ్లవి ఒక వరుస, నాలుగు పళ్లవి ఒక వరుస, ఆరు పళ్లవి ఒక వరుస. ఇక్కడ కూడా వయసుకూ జాతికీ వేరువేరు వరుసలుంటాయని చెప్పినప్పుడు, మరి లేకుండా ఎట్లా కుదురుతుందన్నట్టు నావైపు చూసింది.

రెండో కొట్టం చివర ఆమె ఆగిపోయింది. అక్కడ బూడిద తెలుపు రంగులో, మూపురంతో, వేలాడే గంగడోలుతో ఒక ఆవు పడుకుని నెమరు వేస్తోంది. “ఇది మన ఒంగోలు ఆవు గదరా, ఇక్కడికెట్టా వచ్చింది?” అని అడిగింది. ఆ ఆవును పెంచిన అమ్మాయిని అడిగితే, ఇది అమెరికన్ బ్రాహ్మన్ అని చెప్పింది. నిజానికి ఇద్దరి మాటా తప్పు కాదు. టెక్సస్ ఎండలనూ పిడుదులనూ ఐరోపా జాతి పశువులు తట్టుకోలేకపోవడంతో, పందొమ్మిదో శతాబ్ది నడిమి నుంచి ఇరవయ్యో శతాబ్ది మొదటి పాతిక దాకా ఇక్కడివారు భారతదేశపు మూపురపు పశువులను తెప్పించుకున్నారు. గిర్, గుజరాత్ ప్రాంతపు కాంక్రేజ్ వంశంలోని గుజెరా, కృష్ణా లోయ జాతి, వాటితోపాటు మన ఒంగోలు, ఇవన్నీ కలిసి బ్రాహ్మన్ జాతి ఏర్పడింది. 1924లో దానికి హ్యూస్టన్‌లో పెంపకందార్ల సంఘం కూడా ఏర్పడింది. ఒంగోలు జాతికి ఈ ఖండాల్లో ఉన్న పేరు నెలోర్, మన నెల్లూరే. ఒంగోలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇదంతా నేను వివరిస్తుంటే మా అమ్మ సగం విన్నది, సగం వినలేదు. ఆ అమ్మాయి అనుమతి సైగలతో తీసుకుని, ఆవు గంగడోలు కింద చేయి పెట్టి నిమిరింది. ఆవు మెడ చాచింది. అమ్మాయి ఆశ్చర్యపోయి, కొత్తవారికి ఇది అలా మెడ ఇవ్వదు అని నాతో అన్నది.

నా వాదనంతా ఆ కొట్టంలో ఉంది. అక్కడ అమ్మకానికి పెట్టిన అనుభవం లేదు, ఒకరు ఏడాదిపాటు చేసిన పనిని మరొకరు వచ్చి చూస్తున్నారు. 1807లో ఊరి నడుమ గొర్రెలను నిలబెట్టినప్పుడు జరిగిందీ అదే. కొనుక్కునే చోట ఫెయిర్ నా జ్ఞాపకాలకు ఎన్నడూ సరితూగలేదు. చేసి చూపించే చోట మాత్రం జ్ఞాపకం అవసరమే పడలేదు. పక్కనే ఉన్న మరో భవనంలో ఊరగాయలు, జాములు, కుట్టుపనులు, దుప్పట్లు, కేకులు అద్దాల వెనుక వరుసగా ఉంటాయి, వాటిమీద నీలం, ఎరుపు రిబ్బన్లు. మా అమ్మాయి పదమూడేళ్లప్పుడు అమ్మమ్మ నేర్పిన గొలుసుకుట్టుతో ఒక చిన్న గుడ్డ కుట్టి పోటీకి పంపింది. రిబ్బను రాలేదు. అయినా తన పనిని అద్దం వెనుక చూసుకోవడానికి ముగ్గురు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ పిల్ల వేయించిన వెన్న గురించి ముప్పై ఏళ్ల తరువాత ఎవరికైనా చెబుతుందని నేననుకోను. ఆ అద్దం గురించి చెబుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పశువుల కొట్టాల ముచ్చట కూడా పల్లె వదిలి వచ్చిన మనిషి కనే కలే కాదా, ఆ పిల్లల్లో ఎందరు నిజంగా రైతులవుతారు? చాలామంది కారు. ఈ పెంపకంలో ఖర్చు ఎక్కువ, స్థోమత ఉన్న కుటుంబాలదే పైచేయి. ఆ పిల్లలు బడిలో వ్యవసాయ సంఘాల ద్వారా వస్తారు, ఫెయిర్ ఇచ్చే ఉపకార వేతనాలు వారి కాలేజీ చదువుకు పనికివస్తాయి. అది వ్యవసాయం కంటే పెంపకంలో శిక్షణ అనడం సరైనది కావచ్చు. ఆ తేడాను ఒప్పుకుంటూనే, అక్కడ కొట్టంలో పేడ ఎత్తుతున్నది నిజమైన పదిహేనేళ్ల పిల్లవాడేనని గుర్తుచేస్తాను.

అతడు పేడ ఎత్తడంతో కథ ముగియదు. మాంసానికి పెంచిన పశువులను చివరికి వేలం వేస్తారు. కొనేవారు మార్కెట్ ధర కంటే చాలా ఎక్కువ పెడతారు, ఆ డబ్బు పిల్లల చదువుకు పోతుంది, పశువు కబేళాకు పోతుంది. మేము బయటికి వస్తుంటే ఒక కుర్రవాడు, టోపీ కళ్ల మీదికి లాక్కుని, తన కోడె మెడ చుట్టూ చేతులు వేసి నిలబడి ఉన్నాడు. నాకు చూడబుద్ధి కాక అమ్మను తొందరపెట్టాను. ఆమె కదలలేదు. కాసేపటికి, “మీ నాన్న తిరునాళ్లలో జత అమ్మిన ఏడు రెండు రోజులు అన్నం ముట్టలేదు” అంది.

ఆ సంగతి నాకు తెలియదు. ఆ ఏడు తిరునాళ్లకు నేను కూడా వెళ్లానని ఆమే చెప్పింది, బండి మీద, వెనుక వైపు కూర్చుని. నాకు గుర్తున్నది ప్రభల మీద దీపాలు, జీళ్ల పొట్లం, ఎర్రకాగితం కళ్లజోడు. తిరుగు ప్రయాణంలో ఎద్దులు లేని బండి ఎలా వచ్చిందో నాకు గుర్తులేదు, ఎప్పుడూ అడిగిందీ లేదు. ఎవరిదో జత అరువు తెచ్చి కట్టారట. కారు ఎక్కాక అమ్మ ఆ ఎద్దుల పేర్లు చెప్పింది.